ఆదోని సర్వర్‌ను కర్నూలు నుంచి నడపడం: నా అనుభవం

ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లులో కాటా లెక్కలు, పత్తి రైతుల చెల్లింపులు, బిల్లులు అన్నీ ఒకే లినక్స్ సర్వర్ మీద నడుస్తాయి. దాని నిర్వహణ నాది, నేనుండేది కర్నూలులో. సీజనులో సర్వర్ ఆగిందంటే కాటా ముందు బండ్లు బారులు తీరతాయి కనుక, దాన్ని ఇక్కడినుంచే గమనిస్తూ, బిగుసుకుపోతే ఆపి మళ్లీ ఆన్ చేసే ఏర్పాటుకు యజమానిని ఒప్పించాను.

మొదటి చిక్కు ఇంటర్నెట్‌తో వచ్చింది. మిల్లు రౌటర్‌కు అందిన చిరునామా 100.64తో మొదలైంది, అంటే ఒకే పబ్లిక్ ఐపీని అనేకమంది చందాదారులు పంచుకుంటున్నారు, బయటినుంచి నేరుగా లోపలికి దారి లేదు. అందుకని ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, మిల్లువైపు నుంచే దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత రహస్య దారి) కలిపాను. కనెక్షన్ మూసుకుపోకుండా ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ పంపేలా అమర్చాను.

వీపీఎన్‌ను మిల్లు సర్వర్‌లోనే పెడితే చాలదా అని కొందరు అడిగారు. సర్వర్ బాగున్నంతకాలం చాలు. కానీ అది పలకనప్పుడే కదా మనకు దారి కావలసింది! అందుకే వీపీఎన్‌ను పక్కనే 'రాస్ప్‌బెర్రీ పై' అనే అరచేతి కంప్యూటర్‌లో పెట్టి, సర్వర్ మదర్‌బోర్డు మీది బీఎంసీని ఆ రాస్ప్‌బెర్రీకి మాత్రమే కలిపాను. బీఎంసీ అంటే సర్వర్‌ను ఆన్, ఆఫ్ చేయగల ఒక విడి చిన్న కంప్యూటర్. సర్వర్ ఆపి ఉన్నా, కరెంటు అందుతున్నంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. 1998లో వెలువడిన ఐపీఎంఐ ప్రమాణం ద్వారా దానికి ఆదేశాలు ఇవ్వవచ్చు. అయితే లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తును) అడిగినవారికి అందించే లోపం ఐపీఎంఐ 2.0 ప్రమాణంలోనే ఉంది కాబట్టి, బీఎంసీని ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉంచడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మిల్లు మూసిన ఒక సాయంత్రం, కాటా గుమాస్తాను సర్వర్ దగ్గర నిలబెట్టి, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను కావాలనే కూల్చాను. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ పలకలేదు. రాస్ప్‌బెర్రీ నుంచి బీఎంసీకి పవర్ సైకిల్ (ఆపి మళ్లీ ఆన్ చేసే) ఆదేశం ఇవ్వగానే, "ఫ్యాన్లు నిలిచిపాయ సార్... ఆ, మళ్లా తిరుగుతాండాయి" అని ఆయన ఫోనులో చెబుతుండగా, బూట్ వరుసలు నా తెరమీద కదలసాగాయి.

అసలు మెలిక కరెంటు కోతల్లో ఉంది. యూపీఎస్ బ్యాటరీ తగ్గినప్పుడు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది. కానీ బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే కరెంటు వస్తే, సర్వర్‌కు సరఫరా తెగనే లేదు కనుక, "కరెంటు రాగానే ఆన్ కావాలి" అని బయాస్‌లో (మదర్‌బోర్డు మీది తొలి ప్రోగ్రాములో) పెట్టిన అమరిక పనిచేయదు. యంత్రం ఆగిపోయే ఉంటుంది. దీనికోసం, కరెంటు పది నిమిషాలు నిలకడగా ఉంటే బీఎంసీకి ఆన్ ఆదేశం పంపే చిన్న స్క్రిప్టును రాస్ప్‌బెర్రీలో రాసిపెట్టాను.

హెచ్చరికలు మాత్రం కొద్దిగానే పెట్టుకున్నాను: డిస్కు ఆరోగ్యం, బ్యాకప్, యూపీఎస్, లోపలి ఉష్ణోగ్రత. దూది నలుసులు ఫిల్టర్‌కు పట్టినకొద్దీ ఉష్ణోగ్రత రోజురోజుకూ కాస్త కాస్త పెరుగుతుంది. ఆ గీత పైకి లేవడం కనిపించగానే గుమాస్తాకు ఫోన్ చేసి ఫిల్టర్ దులపమంటాను.