ఖాళీ బరువెంత?

2025 అక్టోబరు 17, శుక్రవారం రాత్రి

ఇవాళ లారీ కొన్నాను. ఈ మాట నాది కాదు, మా అమ్మది. ఫోటో చూడగానే "ఇదేంట్రా, లారీ కొన్నావా? డ్రైవర్ని ఎవర్ని పెట్టుకుంటావ్?" అంది. వెనక ఇరుసుకు నాలుగు చక్రాలు, మొత్తం ఆరు టైర్లు. చూసినవాళ్ళెవరైనా అలాగే అంటారు. ఫోర్డ్ ఎఫ్-350, 2019 మోడల్, 6.7 లీటర్ల డీజిల్ ఇంజను. ఇక్కడివాళ్ళు డ్యూయలీ అంటారు.

మా ఊళ్ళో ట్రక్కు అంటే ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టి. టెక్సాస్‌లో ట్రక్కు అంటే లాగేది. ఇన్నేళ్ళయినా ఆ తేడా నా బుర్రలో పూర్తిగా సర్దుకోలేదు. మేం లాగబోయే తొట్టి పేరు ఫిఫ్త్ వీల్. మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఒక చిన్న ఇల్లు. దాని మెడ ట్రక్కు వెనక భాగం మధ్యలో, ఇరుసు మీద కూర్చుంటుంది. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది, మా ఇద్దరివీ ఇంట్లోంచి చేసే ఉద్యోగాలే. ఆ ఇల్లు లాక్కుంటూ కొన్నాళ్ళు తిరుగుదామని అడ్వాన్సు ఇచ్చాం. సామాను నింపాక అది 13,000 పౌండ్లకు మించకూడదు. వచ్చే నెలలో ఇస్తారు.

ఈ ట్రక్కు కోసం రెండు నెలలు తిరిగాను. ముందు ఒక డీలర్ దగ్గర 2500 రకం, అంటే దీనికన్నా ఒక మెట్టు చిన్న డీజిల్ బండి చూశాను, మెరిసిపోతోంది. సేల్స్‌మన్ టైరును బూటుతో తట్టి "ఇది మీ ఇంటినే లాగేస్తుంది" అన్నాడు. లాగుతుంది, నిజమే. కానీ డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభానికి పసుపు రంగు స్టిక్కర్ ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లకు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఆ బండికి 2,100 చిల్లర. ఫిఫ్త్ వీల్ తన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ట్రక్కు వీపు మీద మోపుతుంది. 13,000కి అంటే 2,600 నుంచి 3,250. ఇక మేమిద్దరం, తొట్టిని ట్రక్కుకు తగిలించే హిచ్చి, పనిముట్ల పెట్టె. ఇంజనుకు బలం ఉంది, వీపుకే లేదు. ఈ లెక్క చెప్తే సేల్స్‌మన్ నవ్వి "ఇక్కడ అందరూ అలాగే లాగుతారు" అన్నాడు. అదీ నిజమే, రోడ్డు మీద రోజూ చూస్తాను, వెనక కుంగి ముందు లేచిన బండ్లు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఈ బండి ఒక పెద్దాయనది. పదేళ్ళు ఆర్‌వీ, అంటే ఇలాంటి చక్రాల ఇల్లే, లాగి, ఇక మోకాళ్ళు సహకరించక మానేశాడు. బేరం 46,000 డాలర్ల దగ్గర తెగింది. శుక్రవారం పూట డబ్బు ఇంట్లోంచి బయటికి పోకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. అందుకని బ్యాంకు చెక్కు నిన్ననే తీయించాం. గురువారమే పోయింది కాబట్టి దోషం లేదట. నేను వాదించలేదు.

పొద్దున్న ఏడున్నరకే ఇన్సూరెన్సు ఫోన్లు మొదలుపెట్టాను. నా పేరు మీద పాలసీ చూపించకపోతే రిజిస్ట్రేషన్ అవ్వదు. మొదటి కంపెనీ అమ్మాయి బండి గుర్తింపు నంబరు (వీఐఎన్) కొట్టగానే గొంతు మార్చింది. బండి మొత్తం బరువు పరిమితి 14,000 పౌండ్లు, వాళ్ళ సొంత వాహనాల పాలసీ 10,000తో ఆగిపోతుంది. "కమర్షియల్ విభాగానికి కలుపుతాను" అంది. వ్యాపారం లేదమ్మా, షికారుకు అన్నాను. "ఇంత పెద్ద బండి షికారుకా?" అని ఆ అమ్మాయే అడిగింది, పాపం.

రెండో కంపెనీ ఒప్పుకుంది. లయబిలిటీ అంటే ఎదుటివాళ్ళకు మనవల్ల జరిగే నష్టానికి బీమా. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీసం 30/60/25. అంటే గాయపడిన ఒక మనిషికి 30,000, ఒక ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. ఈ రోజుల్లో ఎదుటివాడి ఒక్క కారుకే ఆ 25,000 చాలదు. నేను 250/500/100 తీసుకున్నాను. వడగళ్ళకు మన బండే దెబ్బతింటే ఇచ్చే కాంప్రహెన్సివ్ కూడా. ఉత్తర టెక్సాస్‌లో ఉంటూ అది వదులుకునేవాడికి దండం పెట్టాలి.

ఏజెంట్ చెప్పకపోతే నాకు తెలియని సంగతి ఒకటుంది. ట్రక్కు పాలసీలోని లయబిలిటీ వెనక తగిలించిన తొట్టిక్కూడా వర్తిస్తుంది, ఎదుటివాళ్ళకు మనవల్ల జరిగిన నష్టం వరకు. తొట్టికే దెబ్బ తగిలితే పైసా రాదు. విప్పి క్యాంపులో నిలబెట్టాక అసలు సంబంధమే లేదు. దానికి వేరే పాలసీ, ఆ ఇల్లు చేతికొచ్చే రోజుకు సిద్ధంగా ఉండాలి. రాసుకున్నాను.

పదిన్నరకు కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి వెళ్తే మంచిదని అందరూ చెప్తారు, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం తేడా వస్తే మళ్ళీ మనిషిని వెతుక్కోనక్కర్లేదు. 130-యు అనే ఫారం ఇద్దరం నింపాం. టోకెన్ పిలిచేసరికి పన్నెండు దాటింది. ఈలోపు పెద్దాయన నాకు హిచ్చి తాళం దగ్గర్నుంచి ఎదురుగాలి దాకా పాఠం చెప్పాడు. "కంగారు పడినవాడే హిచ్చి సరిగ్గా పడిందో లేదో చూసుకోడు" అని మూడుసార్లు అన్నాడు. ఎవరో సరిగ్గా చూసుకోలేదన్నమాట, అది తనేనేమో అడగలేదు.

టెక్సాస్‌లో బండి అమ్మకం పన్ను 6.25 శాతం. మనుషుల మధ్య అమ్మకాల్లో కాగితం మీద తక్కువ ధర రాసుకుని తప్పించుకోకుండా ప్రతి బండికీ ప్రభుత్వం ఒక అంచనా విలువ పెట్టింది. దానిలో 80 శాతం ఎంతో, మనం ఇచ్చిన ధర ఎంతో చూసి, ఏది ఎక్కువైతే దాని మీద పన్ను. మా ధరే ఎక్కువ. 2,875 డాలర్లు. మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో భూమికి మార్కెట్ విలువ కట్టినట్టే. నాకైతే సొంతూళ్ళో ఉన్నట్టే అనిపించింది.

ఆపైన టైటిల్‌కు 33. ఆయన రిజిస్ట్రేషన్ స్టిక్కర్ గడువు ఈ నెలాఖరుతో అయిపోతోంది కాబట్టి కొత్త రిజిస్ట్రేషన్. మామూలు కారుకు 50.75 డాలర్లయితే, 10,000 పౌండ్లు దాటిన దీనికి 110. 14,000 కూడా దాటి ఉంటే డీజిల్ బండి కాబట్టి పన్నుతో పాటు మరో 1 శాతం సర్‌చార్జి పడేది. అన్నిటికన్నా నచ్చింది 7.50 డాలర్ల తనిఖీ రుసుము. ఈ జనవరి 1 నుంచి సొంత బండ్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు. రుసుము మాత్రం ఉంచేశారు. పొగ పరీక్ష మా కౌంటీలో ఉంది, అదీ పెట్రోలు బండ్లకే. పొగ గొట్టం మోచేతి లావున్న నా డీజిల్ బండికి అక్కర్లేదట.

బయటికొచ్చాక పెద్దాయన వంగలేక వంగి తన పాత ప్లేటు విప్పుకున్నాడు. సైన్యంలో చేసినవాళ్ళకిచ్చే ప్లేటు అది. చంకలో పెట్టుకుని స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. కొత్త ప్లేటు నేనే బిగించాను. కూతురు కారులో వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, లేదా నేను చూసే లోపు చూసేశాడు.

ట్రక్కు ఒక్కటీ నడపడానికి నా మామూలు లైసెన్సు చాలు. ఆ ఇల్లు తగిలిస్తే చాలదు. 14,000, 13,000 కలిపితే 26,000 దాటుతుంది, పైగా వెనకది 10,000కు మించినది, కాబట్టి కమర్షియల్ కాని క్లాస్ ఎ లైసెన్సు కావాలి. రాత పరీక్ష, ఆ తర్వాత అంతటి బండితోనే రోడ్డు పరీక్ష. ఈ సంగతి తెలియకుండా ఏళ్ళ తరబడి లాగుతున్నవాళ్ళు ఉన్నారు. యాభై రెండేళ్ళకు మళ్ళీ డ్రైవింగ్ పుస్తకం. మా ఆవిడ మధ్యాహ్నం నుంచి నన్ను "క్లీనరు గారూ" అంటోంది, లైసెన్సు వచ్చే దాకా అదే హోదా అట.

ఇంటికి వచ్చే దారిలో హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఆగాం. డీజిల్ పోసి, పక్క పంపులో డీఈఎఫ్ కూడా పోశాను. పొగలో విషం తగ్గించడానికి వాడే ద్రవం, 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. యూరియా! ఈ ఏడాదే మా ఊరి సొసైటీ ముందు నాన్న తెల్లవారకుండానే క్యూలో చెప్పులు పెట్టి నిలబడ్డాడు, ఒక్క బస్తా కోసం. ఇక్కడ గొట్టం పెట్టి బండికి తాగిస్తున్నాను. ఆ సంగతి ఆయనతో అనలేదు.

తర్వాత కాటా. పెద్ద లారీల మధ్య మా బండి దూడలా నిలబడింది. ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద. చీటీ వచ్చింది: ముందు 4,680, వెనక 3,740, మొత్తం 8,420 పౌండ్లు. ఇంత బరువు తరగతి బండ్లకు ఆ పసుపు స్టిక్కర్ తప్పనిసరి కాదు, అందుకే నా లెక్క నేనే కట్టుకోవాలి. 14,000లోంచి తీస్తే మిగిలింది 5,580.

రాత్రి తొమ్మిదికి, అక్కడ పొద్దున్న ఏడున్నరకు, మా ఊరికి వీడియో కాల్ చేశాను. రెండు నెలల్లో ఈ బండి గురించి అడిగినవాళ్ళందరూ ఎంత లాగుతుంది అనే అడిగారు, నా ఆఫీసువాళ్ళతో సహా. నాన్న ఫోన్ తీసుకుని "ఖాళీ బరువెంతరా?" అన్నాడు.

చీటీ చూసి చెప్పాను. పౌండ్లు ఆయనకు పట్టవు. 38 క్వింటాళ్ళు అన్నాను. దాని సొంత బరువు పోగా బండి ఇంకా 25 క్వింటాళ్ళు మోస్తుంది అన్నాను. ఒక్క క్షణం ఆగి "33 బస్తాలు" అన్నాడు. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. ఆ ఇంటి మెడ పద్దెనిమిది బస్తాలు మోపుతుందంటే, "పర్లేదు, మిగుల్తుంది" అని తలూపాడు. అంతటితో వదల్లేదు.

"కాటా వేసినప్పుడు మీరిద్దరూ బండిలో ఉన్నారా, దిగారా?"

ఉన్నాం అన్నాను.

"అయితే ఆ తొట్టి తగిలించి మళ్ళీ వేసినప్పుడూ ఇద్దరూ ఎక్కే ఉండండి. ఒకసారి ఎక్కి, ఒకసారి దిగితే లెక్క పోద్ది."

రైస్ మిల్లు దగ్గర నిండు ట్రాక్టర్ కాటా వేసి, ధాన్యం దింపి, ఖాళీది మళ్ళీ వేస్తారు. రెండు సార్లూ డ్రైవర్ సీట్లోనే ఉండాలని నాన్న పక్కనే నిలబడి చూసేవాడు. చీటీ మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టేవాడు. నేను ఆ తొట్టి మీద కూర్చుని వచ్చేవాణ్ణి. ఇన్నాళ్ళూ వీడియోలు చూసి, కాలిక్యులేటర్ కొట్టి నేర్చుకున్నదంతా అదే లెక్క.

"రెండో చీటీ కూడా వాట్సాప్‌లో పెట్టు" అని ఫోన్ అమ్మకిచ్చేశాడు.

బండి గ్యారేజీలో పట్టదని ముందే తెలుసు, డ్రైవ్‌వేలో కూడా మూతి కాలిబాట మీదికి వస్తోంది. సోమవారానికల్లా కాలనీ సంఘం నుంచి ఉత్తరం ఖాయం. తొట్టిని ఎలాగూ అద్దె స్థలంలో పెట్టాలి, ఇదీ అక్కడికే పోతుందేమో.

కొబ్బరికాయ కొట్టాం. నిమ్మకాయలు నాలుగే తెచ్చాను, అలవాటు కొద్దీ. వెనక జంట టైర్లలో లోపలిదానికి ఎలా అని మా ఆవిడ టార్చి వేసి కింద చూసింది. ఫ్రిజ్‌లో పులిహోరకని దాచిన రెండు కాయలు ఉన్నాయి. వెళ్ళి అవే తెచ్చింది.