ఓడ టెలిగ్రాఫ్ పిడితో వీడియో ఎడిటింగ్: మూడు వారాల పని

పాత ఓడల్లో ఇంజిన్ టెలిగ్రాఫ్ అని ఒకటుండేది. పైన బ్రిడ్జిలో (ఓడని నడిపించే గదిలో) పిడి తిప్పితే కింద ఇంజిన్ రూమ్‌లో గంట మోగి, అక్కడి ముల్లు కూడా అదే గుర్తు మీదికి వెళ్లేది. వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర (1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన సబ్‌మెరైన్) లోపలికి వెళ్లొచ్చినప్పుడల్లా ఆ వాల్వులూ డయళ్లూ చూసి చేతులు దురద పెడతాయి, ఇన్నాళ్లకి మొదలుపెట్టాను.

మా బావ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఆ సాఫ్ట్‌వేర్లలో జె నొక్కితే వెనక్కి, కె నొక్కితే ఆగుతుంది, ఎల్ నొక్కితే ముందుకి, మళ్లీ మళ్లీ నొక్కితే వేగం పెరుగుతుంది. టెలిగ్రాఫ్ మీది అస్టర్న్ (వెనక్కి), స్టాప్, అహెడ్ (ముందుకి) అచ్చం ఇదే కదా! అటు మూడు, ఇటు మూడు, మధ్యలో స్టాప్, మొత్తం 7 గుర్తులు, ఒక్కోదానికీ 25 డిగ్రీల దూరం.

మొదటి వారమంతా అయస్కాంతం తినేసింది. పిడితోపాటు తిరిగే అయస్కాంతాన్ని చూసి కోణం చదివే ఏఎస్5600 సెన్సార్ పెట్టాను, ఒక చుట్టుని 4096 భాగాలుగా చెబుతుంది, అంటే నా 25 డిగ్రీలకి దాదాపు 284 అంకెలు, కావలసినదానికంటే చాలా ఎక్కువే. కానీ ఎంత తిప్పినా అంకె సరిగా కదలదు. వైర్లు మార్చాను, కోడ్ రెండుసార్లు రాశాను, చివరికి తేలిందేంటంటే నేను పాత ఇయర్‌ఫోన్ లోంచి పీకిన అయస్కాంతానికి ఒక ధ్రువం పైముఖం మీద, ఇంకోటి అడుగు ముఖం మీద ఉన్నాయి. ఈ సెన్సార్‌కి బిళ్లలో ఒక సగం ఉత్తరం, ఇంకో సగం దక్షిణం ఉండాలి. సరైనది తెప్పించి, ఇనుప బోల్టుకి నేరుగా అంటించకుండా మధ్యలో చెక్క ముక్క పెట్టి, సెన్సార్‌కి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాక కుదిరింది.

పిడి కదలికని కంప్యూటర్‌కి కీలుగా పంపే చిన్న సర్క్యూట్ బోర్డు ప్రో మైక్రో. ఆర్డుయినో యూనో ఆర్3 బోర్డు అయితే నేరుగా కీబోర్డులా పనిచేయదు, ఇది చేస్తుంది. పిడిని స్టాప్ నుంచి ఫుల్‌కి లాగితే మధ్య గుర్తులన్నిటికీ కీలు వెళ్లిపోయేవి, అందుకని పిడి 150 మిల్లీసెకన్లు ఒకచోట నిలిచాకే ముందు కె, తర్వాత కావలసినన్ని ఎల్‌లు (వెనక్కైతే జెలు) పంపిస్తున్నాను.

నిజానికి కోడ్ కంటే పిడి ఒక్కో గుర్తు దగ్గర ఆగేటప్పటి ఆ 'టక్' ముఖ్యం. అది లేకపోతే ఎంత బాగా రంగేసినా బొమ్మలాగే ఉంటుంది. 12 ఎంఎం ప్లైవుడ్ బిళ్ల అంచుకి 7 గాట్లు పెట్టి, అల్మరా తలుపులకి వేసే బాల్ క్యాచ్ (స్ప్రింగు మీద చిన్న గుండు) బిగించాను. రెండు రోజులకే గాట్లు నలిగిపోయాయి. ఫెవిక్విక్ పోసి పీల్చనిచ్చి, ఎమరీ పేపర్‌తో నున్నగా చేశాక గట్టిపడ్డాయి (కిటికీలు తీసి చేయండి, ఆ ఘాటుకి కళ్లు మండిపోతాయి). పిడి మాత్రం ఇంట్లో తలకాయ ఊడిన ఏటికొప్పాక బొమ్మ. అంకుడు కర్ర మెత్తన, 6 ఎంఎం రంధ్రం హాయిగా పడింది, లక్క నునుపు చేతికి ఎంత బాగుందో!

ఇత్తడి రంగుకి అడుగున నలుపు, పైన ఆరిన బ్రష్‌తో బంగారు రంగు. ఆ పైన వార్నిష్ స్ప్రే కొట్టాను, మన వైజాగ్ గాలికి తెల్లగా మబ్బు పట్టింది. గీకేసి, ఎండ బాగా కాసిన రోజు పదకొండు దాటాక మళ్లీ కొట్టాను. మరలన్నీ స్టెయిన్‌లెస్ వాడండి, డాబా మీద వారం పెడితే మామూలువి ఎర్రబడతాయి.

నిన్న బావ ల్యాప్‌టాప్‌కి తగిలించాం. ఫుల్ అస్టర్న్ లాగాడు. తెర మీద తలంబ్రాలన్నీ పెళ్లికూతురి తల మీంచి లేచి పెళ్లికొడుకు దోసిట్లోకి ఎగిరిపోయాయి.

"బామ్మర్దీ, ఇది నా దగ్గరే ఉంచేస్తాన్రా" అన్నాడు. గంట ఇంకా పెట్టలేదు బావా అన్నా వినడే.