ఎంక్వైరీకని పిలిచిన గంట నుంచి

చెన్నైలో పని చేసుకునే తెలుగు కుటుంబానికి కబురు దాదాపు ఎప్పుడూ ఇలాగే అందుతుంది: "స్టేషన్‌కి తీసుకెళ్ళారంట, అరెస్టు కాదంట, ఊరికే ఎంక్వైరీ అంట." దెబ్బలు పడేది ఆ మూడు "అంట"ల మధ్యనే. కాగితం మీద అరెస్టు కాని మనిషికి కోర్టులో హాజరు పరచాల్సిన 24 గంటల గడువు ఉండదు, డాక్టరు పరీక్ష ఉండదు, మేజిస్ట్రేటు ముఖం కనబడదు. అందుకే చిత్రహింస కేసుల్లో గాయం కన్నా ముందు తేల్చాల్సింది సమయం.

చట్టం సంగతి ముందు చూద్దాం. చిత్రహింసకు వ్యతిరేకంగా 1984లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై మన దేశం 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది గానీ, దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లును ఆమోదించింది. అది రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాకా వెళ్ళి, చివరికి మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో మళ్ళీ ముసాయిదా ఇచ్చింది, అదీ కదల్లేదు. అలాగని మనకు నిషేధం లేదనుకోవద్దు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లోనే చేరాం. దాని 7వ అధికరణం చిత్రహింసను, క్రూరమైన, అవమానకరమైన ప్రవర్తనను నిషేధిస్తుంది. అత్యవసర పరిస్థితిలో కూడా దాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని 4వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా సుప్రీంకోర్టు దాన్ని జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగంగా చదువుతూ వస్తోంది.

అసలు లోటు శిక్షాస్మృతిలో ఉంది. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద, ఒప్పుకోలు గానీ సమాచారం గానీ సొమ్ము గానీ రాబట్టడానికి కొడితే ఏడేళ్ళ వరకు, తీవ్రమైన గాయమైతే పదేళ్ళ వరకు శిక్ష పడుతుంది. "ఎదురు మాట్లాడాడు, బుద్ధి చెబుదాం" అని కొడితే ఈ సెక్షన్ వర్తించదు, మామూలు గాయం కిందకే వస్తుంది. అంతర్జాతీయ నిర్వచనంలో మాత్రం శిక్షించడం, బెదిరించడం, వివక్ష చూపడం అన్నీ ఉన్నాయి, మానసిక హింస కూడా ఉంది. కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు "కొట్టారు" అని ఆపేయకండి. కొడుతూ ఏమడిగారు, ఏం ఒప్పుకోమన్నారు, ఏ సొమ్ము చూపించమన్నారు అన్నది మాటల్లో రాయండి. సెక్షన్ నిలిచేది ఆ వాక్యం మీదే.

ఇక గడియారం. స్టేషన్‌కి రమ్మంటే బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అరెస్టులూ విచారణలూ ఎలా జరగాలో చెప్పే చట్టం) 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి. సాక్షిగా పిలిస్తే 179వ సెక్షన్ ఉంది, దాని ప్రకారం ఆడవాళ్ళనీ 60 దాటినవాళ్ళనీ ఇంటి దగ్గరే విచారించాలి. నోటీసు లేకుండా తీసుకెళ్తే ఆ నిమిషానికి ఏదో ఒక గుర్తు వెయ్యాలి. పాత వకీళ్ళు టెలిగ్రాం కొట్టేవాళ్ళు, 2013లో ఆ సౌకర్యం పోయింది. ఇప్పుడు 112కి ఫోను, కమిషనర్ కార్యాలయానికి ఈమెయిలు, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు అదే ఈమెయిలు నకలు. నాలుగు లైన్లు చాలు: ఎవరిని, ఎక్కడి నుంచి, ఎన్నింటికి, ఏ స్టేషన్‌కి. 24 గంటల లెక్క అరెస్టు మెమో రాసినప్పటి నుంచి కాదు, మనిషిని పట్టుకున్నప్పటి నుంచి అని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. ఆ ఈమెయిలు లేకపోతే పట్టుకున్న వేళ ఎప్పుడూ పోలీసులు రాసిన వేళే అవుతుంది. ఇంకా ఆచూకీ తెలియకపోతే మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్. ఉచిత న్యాయ సహాయానికి 15100.

తెలుగువాళ్ళకు చెన్నైలో ప్రత్యేకంగా తగిలే దెబ్బ భాష. శ్రీకాకుళం నుంచి బిల్డింగు పనికొచ్చిన మనిషి చేత తమిళంలో రాసిన మెమో మీద సంతకం పెట్టిస్తారు. అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలనీ, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా అవి చేతికి అందాలనీ 2025 నవంబరులో సుప్రీంకోర్టు మిహిర్ రాజేష్ షా కేసులో స్పష్టం చేసింది. సంతకం తప్పనిసరైతే పైన తెలుగులో "నాకు చదివి వినిపించలేదు" అని రాసి పెట్టొచ్చు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు.

సైదాపేటలోనో ఎగ్మూరులోనో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు "పోలీస్ అడిచ్చాంగళా?" అని ఒక్క ప్రశ్న వస్తుంది. కొట్టారా అని. అర్థంకాక తల అటూ ఇటూ ఊపితే "ఫిర్యాదేమీ లేదు" అని రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత దాన్ని చెరపడం మహా కష్టం. రెండు మాటలు నేర్పించండి: "అడిచ్చాంగ" అంటే కొట్టారు, "ఇంగ వలిక్కుదు" అంటే ఇక్కడ నొప్పి. చొక్కా ఎత్తి చూపించడానికి సిగ్గుపడొద్దు. తెలుగులో చెబుతాను, దుబాసీ కావాలి అని అడగొచ్చు. పోలీసు కస్టడీకి మొదటిసారి ఇచ్చేటప్పుడు మనిషిని నేరుగా హాజరు పరచాల్సిందే, వీడియోలో కుదరదు.

డాక్టరు దగ్గరికి వద్దాం. అసలు సాక్ష్యం పుట్టేది ఇక్కడే. అరెస్టయిన వెంటనే ప్రభుత్వ డాక్టరు పరీక్షించాలి, నివేదిక నకలు అరెస్టయిన మనిషికో, అతను చెప్పినవాళ్ళకో ఇవ్వాలి. ఇది బి.ఎన్.ఎస్.ఎస్. 53వ సెక్షన్. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి పరీక్ష జరగాలన్నది 1996 నాటి సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పు. విడుదలైన మనిషైతే రాయపేట, కీల్పాక్, జనరల్ ఆసుపత్రి, ఏదైనా సరే నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళి ఏ.ఆర్. కాపీ అడగాలి. యాక్సిడెంట్ రిజిస్టరు అన్నమాట. అందులో ఎవరు, ఎంతమంది, ఎక్కడ, ఎన్నింటికి, దేనితో కొట్టారో ఎక్కాలి. "కింద పడ్డాడు" అని రాస్తే అక్కడికక్కడే దిద్దించండి. తమిళనాడులో స్టేషన్ బాత్రూముల్లో జారిపడి చేతులు విరగ్గొట్టుకున్న నిందితుల ఫోటోలు ఎన్ని చూశామో లెక్కలేదు. ఆ నేల మీద పోలీసులు మాత్రం ఎందుకు జారరో ఎవరికీ తెలియదు.

లాఠీ దెబ్బకు రెండు సమాంతర ఎర్ర గీతలు పడి మధ్యలో చర్మం తెల్లగా ఉంటుంది. పడిపోతే అలా రాదు. అరికాళ్ళ మీద కొడితే పైకి పెద్దగా కనబడకపోవచ్చు, నడకలో తెలుస్తుంది. లోతైన కమిలిన గాయాలు రెండో రోజుకో మూడో రోజుకో పైకి తేలతాయి, కాబట్టి ఫోటోలు ఒక్కరోజుతో ఆపొద్దు. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయాలి. రంగును బట్టి గాయం వయసు కచ్చితంగా చెప్పలేం, పసుపు తేలితే మాత్రం అది ఆ ఉదయం తగిలింది కాదు. చిత్రహింస గాయాలను ఎలా నమోదు చేయాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మార్గదర్శి ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ప్రకారం డాక్టరు గాయానికీ చెప్పిన కథకూ ఎంత పొంతన ఉందో అయిదు మెట్లలో తేల్చాలి: అసలు పొంతన లేకపోవడం నుంచి, మరో కారణమే సాధ్యం కాదనే దాకా. పరీక్ష గదిలో పోలీసు నిలబడి ఉంటే ఆ కథ బయటికే రాదు.

సీసీ కెమెరాల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలు 18 నెలలు, పరికరాలకు అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది, దాచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఆ ఏడాది జూన్‌లోనే తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీ దెబ్బలకు చనిపోయారు. విచారణకు వెళ్ళిన మేజిస్ట్రేటుకు అక్కడి హార్డ్ డిస్కులో ఒక టెరాబైటు చోటున్నా, దృశ్యాలు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా పెట్టిన సెట్టింగు కనబడింది. అందుకే దృశ్యాలు భద్రపరచమన్న అర్జీ మొదటి రోజే వెళ్ళాలి. కెమెరా ఏ గదిలో, ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది అందులో ఉండాలి.

క్రిమినల్ కేసు నడవాలంటే ప్రభుత్వం ముందుగా ఇవ్వాల్సిన ప్రాసిక్యూషన్ అనుమతి పోలీసులకు గొడుగులా అడ్డొస్తుంది, ఏళ్ళు పడుతుంది. మానవ హక్కుల కమిషన్‌లో ఆ గొడవ లేదు. చెన్నైలో రాష్ట్ర కమిషన్ గ్రీన్‌వేస్ రోడ్డులో ఉంది. ఫీజు లేదు, వకీలు లేకపోయినా ఫరవాలేదు. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, రాష్ట్ర కమిషన్‌కు తమిళం, ఇంగ్లీషు అయితే పని త్వరగా కదులుతుంది. ఏ.ఆర్. కాపీ, ఫోటోలు, మొదటి రోజు ఈమెయిలు జతచేయండి. ఒకే ఫిర్యాదు రెండు చోట్లా వేస్తే, ముందు రాష్ట్ర కమిషన్ చేపట్టినదాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు. సంఘటన జరిగిన తేదీ నుంచి ఏడాది దాటితే ఇద్దరూ తీసుకోరు.