ఆదివారం మాత్రమే

క్యాన్సర్ మందు అడిగేటప్పుడు మనుషులు గొంతు తగ్గిస్తారు. మిర్యాలగూడలో మందుల షాపు నడిపే నాకు ఇది అలవాటే. నిడమనూరు వైపు నుంచి వచ్చే ఒకామె మాత్రం "అన్నా, మా బాబు మాత్రలు ఇవ్వు" అని అందరికీ వినబడేలా అడుగుతుంది.

బాబుకు ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. గట్టి చికిత్స అయిపోయింది, ఇప్పుడు మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా వాడే మాత్రల దశ నడుస్తోంది. మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. రెండోదాన్ని విడి కవరులో వేసి, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఆదివారం మాత్రమే' అని రాసిస్తాను. పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇవేమీ కొత్త మందులు కావు. మెథోట్రెక్సేట్ 1940లలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చింది. దాని అన్న లాంటి అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల ల్యుకేమియాను కొన్నాళ్ళు వెనక్కి నెట్టి, 1948లో ఆ సంగతి ప్రకటించాడు. మెర్కాప్టోప్యూరిన్ 1950లది. అయినా 1960ల మొదట్లో నూటికి పదిమంది పిల్లలు కూడా జబ్బు బయటపడ్డాక ఐదేళ్ళు దాటేవారు కాదు. ఇవాళ సంపన్న దేశాల్లో 90 మంది దాకా దాటుతున్నారు. ఏ మందు ముందు, ఏది తర్వాత, ఏ బిడ్డకు ఎంత అని దశాబ్దాలపాటు ఓపికగా సరిచూసుకుంటూ రావడంతోనే ఇందులో చాలా భాగం సాధ్యమైంది. మందులమ్మేవాడిగా నాకు ఇదే అబ్బురం.

పేద దేశాల్లో మాత్రం పిల్లల క్యాన్సర్లన్నీ కలిపి 30 శాతం కూడా గట్టెక్కడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జబ్బు ఆలస్యంగా తెలియడం ఒక కారణం, మధ్యలో మానేయడం మరొకటి. ఆ రెండోది నా కౌంటరు దగ్గరే కనబడుతుంది. జుట్టు మళ్ళీ వస్తుంది, పిల్లవాడు బడికి పోతాడు, "బాగున్నాడు కదా, ఇంకెన్నాళ్ళు ఈ మాత్రలు?" అని ఇంటి పెద్దలు మొదలుపెడతారు. మొత్తం చికిత్స రెండు మూడేళ్ళు. బాగున్నాడంటే మందు పనిచేస్తోందని అర్థం, అంతేగాని ఆపమని కాదు. ఈ మాట కాస్త కటువుగానే చెబుతాను.

ఐదేళ్ళు దాటాక కూడా కథ ఉంది. పిల్లలు 'ఎర్ర మందు' అనే డాక్సోరూబిసిన్ ఎక్కువైతే ఏళ్ళ తర్వాత గుండెను బలహీనపరచవచ్చు. అమెరికా, కెనడాల్లో రకరకాల పిల్లల క్యాన్సర్ల నుంచి ఐదేళ్ళు దాటినవాళ్ళను గమనిస్తూ వస్తే, జబ్బు బయటపడ్డాక 15 ఏళ్ళ లెక్కలో మరణాలు 1970ల మొదట్లో జబ్బు పడినవాళ్ళలో 12.4 శాతం, 1990లలో పడినవాళ్ళలో 6 శాతం. రేడియేషన్, ఇలాంటి మందులు తగ్గించడం ఇందుకు తోడ్పడింది.

అందుకే ఫైలు దాచుకోమంటాను. కూతురికి చికిత్స పూర్తయిన ఒకాయన "రేపు సంబంధాలకు అడ్డం వస్తుంది, కాల్చేస్తా" అన్నాడు. ఎవరికి చెప్పాలో మీ ఇష్టం, మందుల పేర్లు, మొత్తం మోతాదులున్న కాగితమైనా ఉంచండి, రేపు గుండెకు ఎకో స్కాన్ తీసే డాక్టరు అడుగుతాడు అన్నాను. కాల్చలేదట. ఎక్కడ పెట్టాడో మాత్రం చెప్పడు.