‘కాజు’ పూర్వీకులు, ఉద్దానం జీడి
పలాస, కాశీబుగ్గ దుకాణాల్లో జీడిపప్పు పొట్లాల మీద కనిపించే ‘కాజు’ హిందీ మాటగా మనకు పరిచయమైనా, హిందీకి అది పోర్చుగీసు నుండి, పోర్చుగీసుకు బ్రెజిల్ తీరపు టుపీ భాషలోని ‘అకాజు’ నుండి చేరింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు ఆ చెట్టును, దానితోపాటు పేరును మన పడమటి తీరానికి తెచ్చారు. ఇంగ్లీషు ‘క్యాష్యూ’ కూడా ఆ వంశంలోదే.

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు తోటల్లో మాత్రం చెట్టు నిలిచింది గానీ ఆ పేరు నాటుకోలేదు. బట్టలకు చాకిరేవు గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజలోలాగే దీని పెంకులోనూ ఒళ్లు పొక్కించే రసం ఉండడం వల్ల కాబోలు, తెలుగువారు ‘జీడి’ అనే పాత పేరునే దీనికీ తగిలించారు. విచిత్రమేమిటంటే యూరప్‌లోనూ ఇదే జరిగింది: అక్కడి వైద్యులు నల్లజీడికి వాడుతూ వచ్చిన ‘అనకార్డియం’ అనే పేరును 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ జీడిమామిడికి ఇచ్చాడు.