షేకర్ల ఊళ్ళో ప్రేమకథ గేటు దాటగానే అయిపోకూడదు

ఒకే ఇల్లు. దాదాపు వంద మంది మనుషులు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. లోపలికెళ్ళడానికి విడివిడి తలుపులు, పైకెక్కడానికి విడివిడి మెట్లు, భోజనానికి వేరే వేరే బల్లలు, అక్కడ కూడా ఒక్క మాట లేకుండా తిని లేవాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో హ్యాన్‌కాక్ అనే చోట షేకర్లు, అంటే పెళ్ళీ సంసారం వదిలేసి అందరూ కలిసి బతికే ఒక క్రైస్తవ శాఖవాళ్ళు, 1830లో కట్టుకున్న ఇటుకల ఇల్లు ఇది, ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా చూపిస్తున్నారు. హిస్టారికల్ రొమాన్స్ పిచ్చి ఉన్నవాళ్ళెవరికైనా ఆ రెండు మెట్ల దారులు చూడగానే బుర్రలో కథ మొదలైపోతుంది, ఇటు మెట్ల మీద ఒకమ్మాయి, అటు మెట్ల మీద ఒకబ్బాయి, ఇంకేం కావాలి.

నాకూ అలాగే మొదలవుతుంది. కానీ ఈ సెట్టింగ్‌లో వచ్చే కథలు చాలావరకు ఒకే దారిన పోతాయి: ఊరంటే జైలు, పెద్దలంటే రాతిగుండె మనుషులు, వీళ్ళిద్దరూ ఒక రాత్రి గేటు దాటి పారిపోతారు, శుభం. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు కథ అక్కడ లేదు. ఆ అమ్మాయి ఆ ఊరు వదిలితే ఏం పోగొట్టుకుంటుందో చూపించకపోతే ఆ ప్రేమకి బరువెక్కడిది?

ముందు వీళ్ళెవరో కొంచెం చెప్తాను. ఆన్ లీ అని ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో 1736లో పుట్టిన ఒక కమ్మరి కూతురు, చదువుకోలేదు, చిన్నప్పుడే మిల్లు పనికెళ్ళింది. 1762లో ఇంకో కమ్మరితో పెళ్ళి, నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ చిన్నతనంలోనే పోయారు. ప్రార్థనలో ఊగిపోతూ వణికిపోతూ ఉండే ఒక చిన్న గుంపులో చేరింది (ఆ ఊగడం చూసే జనం వాళ్ళకి షేకర్లని పేరు పెట్టారు), జైలుకి కూడా వెళ్ళింది, 1770లో తనకి దర్శనం అయిందని చెప్పింది. స్త్రీపురుషుల కలయికే మొత్తం పాపానికి మూలం, అది వదిలేస్తేనే విముక్తి అని. 1774లో ఎనిమిది మందితో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగింది. వెంట వచ్చిన భర్త తర్వాత వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె 1784లో చనిపోయింది, ఆ తర్వాత న్యూ లెబనన్ మొదలుకొని మెయిన్ నుంచి కెంటకీ దాకా ఊళ్ళు లేచాయి, పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి వేలమంది అయ్యారు.

నలుగురు పిల్లల్ని మట్టిలో పెట్టిన తల్లి చెప్పిన మాట అది. బ్రహ్మచర్యం అనగానే పిచ్చి రూలు అని కొట్టిపారేసే ముందు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. ప్రతి కాన్పూ ప్రాణం మీదకొచ్చే రోజులు, పెళ్ళయితే ఆడదాని ఆస్తీ సంపాదనా అంతా మొగుడిదే అనే చట్టం, న్యూయార్క్ రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళకి ఆస్తి మీద హక్కు ఇచ్చిన చట్టం 1848 దాకా రాలేదు. అలాంటి కాలంలో షేకర్ల ఊళ్ళో ప్రతి ఎల్డర్‌కీ (మగ పెద్ద) సాటిగా ఒక ఎల్డ్రెస్ (ఆడ పెద్ద) ఉండేది, పెత్తనం చెరిసగం. 1796 నుంచి 1821లో చనిపోయేదాకా మొత్తం షేకర్లందరికీ పెద్దగా ఉన్నది లూసీ రైట్ అనే ఆవిడ. ఒక ఆడమనిషి ఇన్ని ఊళ్ళని నడపడం అప్పటి అమెరికాలో ఇంకెక్కడ కనిపిస్తుంది చెప్పండి.

ఇప్పుడు రూల్స్. చేయి తగలకూడదు, షేక్ హ్యాండ్ కూడా లేదు. మెట్ల మీద ఒకరినొకరు దాటుకుంటూ వెళ్ళకూడదు. బ్రదరూ సిస్టరూ (ఊళ్ళో మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ అలాగే పిలిచేవారు) ఒంటరిగా కూర్చుని కబుర్లు చెప్పుకోకూడదు. సొంతంగా కానుకలు ఇచ్చుకోకూడదు. 1821లో ఇలాంటివన్నీ రాసి పెట్టుకున్నారు, 1845లో ఇంకా బిగించారు. రాసేవాళ్ళు చాలామంది ఈ లిస్ట్ దగ్గరే ఆగిపోతారు, నాకేమో ఆ రూల్స్ పక్కనే ఉన్న ఇంకో ఏర్పాటు మీద ఉంటుంది కన్నంతా.

ఒక్కో సిస్టర్‌కి ఒక్కో బ్రదర్ బట్టలు అప్పజెప్పేవారు. అతని చొక్కాలు చూడటం, చిరిగితే కుట్టడం, ఉతికినవి సర్దిపెట్టడం ఆమె పని. బదులుగా అతను ఆమెకి కావలసిన చిన్నాచితకా పనులు చేసిపెట్టేవాడు. ఎవరి బట్ట ఎవరిదో కలిసిపోకుండా పేరులో మొదటి అక్షరాలు చిన్న చిన్న దారపు కుట్లతో వేసేవారు. దీని గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. అతనితో ఆమె పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు, కానీ అతని కుడి మోచెయ్యి దగ్గర గుడ్డ ఎందుకు ముందు అరిగిపోతుందో ఆమెకి తెలుసు, ఈ వారం కాలర్‌కి చెమట ఎక్కువ పట్టిందంటే ఎండలో గడ్డి కోతకి పంపారని తెలుసు, చేతి అంచున రక్తపు మరక కనిపిస్తే ఎక్కడ తెగిందో ఏమైందో అడిగే దారి లేక ఆ మరకని చన్నీళ్ళలో నానబెట్టి కూర్చుంటుంది. రెండక్షరాల పేరు నీలం దారంతో మళ్ళీ మళ్ళీ కుడుతుంది. ఇందులో ఒక్క రూలు కూడా తప్పలేదు, పెద్దలే అప్పజెప్పిన పని ఇది! నన్నడిగితే ఈ ఊళ్ళో జరిగే ప్రేమకథ మొదటి సగమంతా ఈ కుట్టుపని మీదే నడిపించొచ్చు, చేయీ చేయీ తగిలే సీన్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఇంకోటి యూనియన్ మీటింగ్. 1793లో మొదలుపెట్టారు. ఆడా మగా ఒకరికొకరు బొత్తిగా పరాయివాళ్ళు అయిపోకూడదు, అలాగని చాటుమాటు మాటలూ ఉండకూడదు, అందుకని సాయంత్రాలు బ్రదర్స్ గదిలో రెండు వరుసల కుర్చీలు ఎదురెదురుగా వేసేవారు, మధ్యలో ఐదారడుగుల ఎడం. ఎవరికి ఎదురుగా ఎవరు కూర్చోవాలో పెద్దలే చూసి పెట్టేవారు. ఒక గంటసేపు మాట్లాడుకోవాలి, కానీ అందరికీ వినబడేలా, అందరూ వినగలిగే విషయాలే, విత్తనాలు, వాతావరణం, పాటలు, పక్క ఊరి సంగతులు. ప్రేమలో ఉన్న ఇద్దరు మనుషులు వానల గురించి, ఉల్లి విత్తనాల గురించి పదిమందిలో మాట్లాడుకోవడం ఎంత బాగా రాయొచ్చో! వాళ్ళు విత్తనాలు కాగితం పొట్లాల్లో కట్టి ఊరూరా అమ్మేవాళ్ళు కూడా, పెద్ద వ్యాపారం అది, కాబట్టి ఆ విత్తనాల బండి తోలుకుంటూ నెలల తరబడి ఊరు బయట తిరిగొచ్చే కుర్రాడు హీరో అయితే అతని ఎదుటి కుర్చీ అన్నాళ్ళూ ఏమవుతుందన్నది ఒక పెద్ద ప్రశ్న. వేరేవాళ్ళని కూర్చోబెట్టారా, తిరిగొచ్చాక మళ్ళీ అదే కుర్చీ దొరుకుతుందా. బయటి పాఠకుడికి చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆ ఇంట్లో అదే జీవన్మరణ సమస్య.

డాన్స్ సంగతి ఎక్కువ చెప్పను, ప్రతీ రచయితా అదే పట్టుకుంటాడు. ఆరాధనలో వరుసలు కట్టి ఎదురెదురుగా అడుగులు వేసేవారు, ముట్టుకోకుండా. ఆదివారాలు చూడటానికి బయటివాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు.

కాలం ఎంచుకోమంటే నేను 1840లు ఎంచుకుంటాను. 1837లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌వ్లియట్ అనే షేకర్ల ఊళ్ళో కొంతమంది చిన్న అమ్మాయిలు పూనకాల్లోకి వెళ్ళి పరలోకం నుంచి మాటలు తెచ్చామన్నారు, అక్కడినుంచి అది అన్ని ఊళ్ళకీ పాకింది, దాదాపు పదిపదిహేనేళ్ళు పాటలు, సందేశాలు, బొమ్మలు వస్తూనే ఉన్నాయి. 1844లో న్యూ లెబనన్‌లో కాగితాన్ని గుండె ఆకారంలో కత్తిరించి, రెండు వైపులా సన్నటి అక్షరాలతో ఆశీర్వాదాలు రాసి, చిన్న చిన్న బొమ్మలు వేసి, ఒక్కో మనిషికి పేరుపేరునా ఇచ్చారు. పెళ్ళి మాటే లేని ఊళ్ళో, సొంత కానుక ఇవ్వకూడదన్న ఊళ్ళో, పేరు రాసి ఉన్న కాగితపు గుండె! అందులో మాటలు రాసినవాళ్ళవి కావు, పైనుంచి వచ్చినవి. ఇక్కడ ఒక చవకబారు కథ ఎలా రాస్తారో ఊహించగలను, హీరోయిన్ దొంగ పూనకం తెచ్చుకుని హీరోకి ప్రేమలేఖ పంపిస్తుంది. నాకది అస్సలు నచ్చదు. వాళ్ళు నమ్మారు, నిజంగా నమ్మారు. నేను రాస్తే ఆ అమ్మాయి కూడా నమ్మే మనిషే అవ్వాలి, కలం పట్టుకున్న చెయ్యి తనదా, పైనుంచి దిగిన మాటదా తనకే తేలక రాత్రంతా నిద్రపట్టకపోవాలి. పొద్దున్నే ఎల్డ్రెస్ దగ్గర మనసులో ఉన్నదంతా ఒప్పుకోవాల్సిన ఊరు అది, ఒప్పుకోవడం వాళ్ళ మతంలో మొదటి మెట్టు. అక్కడ ఎల్డ్రెస్ ఏం చేస్తుంది? ఆవిడ కూడా ఒకప్పుడు ఎవరి చొక్కాలో కుట్టిన మనిషే కదా. ఆ పాత్రని రాక్షసిగా రాసినవాళ్ళని క్షమించలేను.

పెళ్ళయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్ళ కథ ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా ముట్టుకోరు. మొగుడూ పెళ్ళాం కలిసి చేరితే ఆరోజు నుంచి అన్నాచెల్లెళ్ళలా బతకాలి, పిల్లల్ని వేరే ఇంట్లో పెంచుతారు. పైన చెప్పిన లూసీ రైట్ అలాంటి మనిషే, ఎలిజర్ గుడ్‌రిచ్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది, తర్వాత కొద్దికాలానికే ఇద్దరూ షేకర్లయ్యారు, ఆమె మళ్ళీ పుట్టింటి పేరుకి వెళ్ళిపోయింది. అతనూ చివరిదాకా వాళ్ళలోనే ఉన్నాడు. కొత్త జంట, ఒకే మతం, ఆమె అందరికీ పెద్ద అయింది, అతను దూరంనుంచి ఆమెని వింటున్నాడు. దీనికంటే లోతైన ప్రేమకథ ఏముంటుందండీ? దీనికి చీకటి వైపు యూనిస్ చాప్‌మన్ కథ. ఆమె భర్త పిల్లలు ముగ్గురినీ తీసుకుని షేకర్ల దగ్గరికి వెళ్ళిపోతే ఆమె ఏళ్ళ తరబడి పోరాడింది, చివరికి 1818లో న్యూయార్క్ శాసనసభ ఆమె ఒక్కదాని కోసం విడాకుల చట్టం చేసింది. కాబట్టి ఊరు స్వర్గం అని నేననడం లేదు. అక్కడ పోయినవి ఉన్నాయి, దొరికినవి ఉన్నాయి, రెండూ నిజమే.

ఇక గేటు దగ్గరికొద్దాం. పిల్లలుగా వచ్చి ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళు పెద్దయ్యాక ఊరి ఒప్పందం మీద సంతకం పెట్టి ఉండిపోవచ్చు, లేదా వెళ్ళిపోవచ్చు, ఎక్కువమంది వెళ్ళిపోయారు. గొలుసులేం లేవు. వెళ్ళేవాళ్ళకి బట్టలు, ఒక్కోసారి కొంత డబ్బు ఇచ్చి పంపేవారు. కొందరు జంటలుగా వెళ్ళారు, ఊరి దినచర్య పుస్తకాల్లో అలాంటివి ఒక్క వాక్యంతో తేల్చేసేవారు. ఇన్నేళ్ళు చేసిన పనికి జీతం అడగడానికి లేదు, ముందే ఒప్పుకుని సంతకం పెట్టారు.

ఇప్పుడు ఆ అమ్మాయిని చూడండి. ఇన్నాళ్ళూ ఎనభై మందికి వండే వంటింట్లో వంతులవారీగా పని చేసింది, ఇద్దరికి ఎంత పిండి కలపాలో తెలీదు. ఒంట్లో బాగోకపోతే చూసే నర్సులు ఇంట్లోనే ఉండేవారు, ముసలితనంలో ఎక్కడికి పోవాలన్న బెంగ లేదు, తను మాట్లాడితే విని జవాబు చెప్పే పెద్దావిడ ఉండేది. పెళ్ళి రిజిస్టర్‌లో సంతకం పెట్టగానే చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ చట్టప్రకారం అతనివి. రేపు కడుపుతో ఉంటే, ఆన్ లీ కథ చిన్నప్పటినుంచి వింటూ పెరిగిన పిల్ల, రాత్రిళ్ళు ఏం ఆలోచిస్తుంది? అతనికి కూడా తేలికేం కాదు, కుర్చీలు చేయడం వచ్చు గానీ బేరం చేయడం రాదు, ఎవరికీ అద్దె కట్టి ఎరగడు. అతను మంచివాడే అయినా ఇద్దరి మధ్యా మొదటిసారి ఒక గొడవ వస్తుంది, అప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించే ఎదురెదురు కుర్చీలు ఉండవు. చిరిగిన చొక్కా మాత్రం ఇంకా ఆమే కుడుతుంది, కాకపోతే ఇప్పుడది వాళ్ళిద్దరికీ ఉన్న రెండు చొక్కాల్లో ఒకటి.

వెళ్ళిపోయి మళ్ళీ తిరిగొచ్చినవాళ్ళని కొన్నిసార్లు చేర్చుకునేవారు కూడా. కాబట్టి వాళ్ళ ముందు ఆ దారి కూడా తెరిచే ఉంటుంది, ఇద్దరూ తిరిగి వెళ్ళొచ్చు, వెళ్తే మళ్ళీ వేరే వేరే మెట్లు ఎక్కాలి. లేదా ఒక్కరే వెళ్ళొచ్చు. ఎవరు వెళ్ళాలనుకుంటారు, రెండోవాళ్ళు ఆపుతారా, పోనీ అంటారా? గేటు దగ్గర ముద్దుతో పుస్తకం ముగించే రచయితలందరికీ నా విన్నపం ఒకటే, ఇంకో వంద పేజీలు రాయండి, ఎంత లావు పుస్తకమైనా నేను చదువుతాను.