లేబుల్ లేని సీసా

“లేబుల్ ఎందుకు గీకేశావమ్మా?” అని పెద్దక్క అడగ్గానే ఆ అమ్మాయి మందుల సీసాను గుప్పిట్లో దాచేసుకుంది.

మా హెచ్‌ఐవీ సపోర్ట్ గ్రూప్‌కి ఈరోజే మొదటిసారి వచ్చింది. ఇప్పుడు ఆరో నెల గర్భిణి. సీసా మీద జిగురు మరకలు, గోటి గీతలు. ఇంట్లో ఎవరైనా చదువుతారని భయం.

పెద్దక్క తన సీసా తీసి పక్కన పెట్టింది. లేబుల్ చెక్కుచెదరలేదు. “మొదటి ఐదేళ్లు నేనూ గీకాను” అంది.

మందులు సరిగ్గా వాడి, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనపడనంత తగ్గి, అలాగే నిలిస్తే, శారీరక సంబంధం వల్ల భర్తకు సోకదంది. బిడ్డకు సోకే ప్రమాదాన్నీ 1 శాతం లోపుకు తేవచ్చంది.

డాక్టర్ కూడా ఇదే చెప్పారట. కానీ ఆ అమ్మాయి ఏడ్చింది మాత్రం ఇక్కడే, ఇద్దరు పిల్లల్ని కన్న పెద్దక్క నోట విన్నాకే.

వచ్చే నెల సమావేశం దాకా ఆగలేను. రాత్రికే ఆ అమ్మాయికి ఫోన్ చేస్తాను.